ముప్పై రూపాయల క్లిప్పు, పదహారు వేల అప్పు

ఈ గ్రూపులో నేను స్కాలర్‌షిప్పు డబ్బులు ఎప్పుడు పడతాయని అడగడమే తప్ప పెద్ద పోస్టు ఎప్పుడూ రాయలేదు. ఇది కొంచెం పెద్దదే. పాత బండ్లలో ఉండే రబ్బరు పైపుల గురించి, వాటి మూతికి వేసే క్లిప్పుల గురించి. ఇది మన గ్రూపులో పెట్టే విషయమా అని రెండు రోజులు ఆలోచించినాను. మన ఇళ్ళల్లో నాయనలు, అన్నలు, బావలు చాలా మంది ఇప్పుడు ఇంకొకరి బండ్లు నడుపుతున్నారు కదా, పెట్టాల్సిందే అనిపించింది.

మాది పులికాట్ చెరువు పక్కన ఒక యానాది కాలనీ. నేను తిరుపతిలో ఎస్టీ హాస్టల్లో ఉండి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీకి పోయింది నేనే మొదట. మా నాయన వయసులో ఉన్నప్పుడు రొయ్యల గుంటల కాడ కాపలా ఉండేవాడు. ముందు అడ్వాన్సు తీసుకునేది, అది తీరేదాకా అక్కడే పడి ఉండేది. గుంటలో రొయ్య చచ్చినా, మోటారు కాలిపోయినా ఆ లెక్క కాపలావాడి మీదే రాసేవాళ్ళంట. ఆ అప్పు ఎప్పుడు తీరుతుందో పుస్తకంలో రాసేవాడికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

2008లో శ్రీసిటీ మొదలైంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పల్లెల్లో ఒకదాని వెనక ఒకటి కంపెనీలు వచ్చినాయి. కంపెనీలు వస్తే జనాన్ని చేరేసే బండ్లు కావాలి. బండ్లుంటే డ్రైవర్లు కావాలి. నాయన అప్పుడు డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాడు. మా కాలనీలో అదే మొదటి లైసెన్సు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటం వెనకాల దాచినాడు. పోలీసులు ఆపితే చూపించాల్సింది ఇంట్లో పెడితే ఎట్టా అని అమ్మ నవ్వేది.

ఆయన నడిపే బండి ఒక ఓనరుది. పాత డీజిల్ బండి, ముందు సీటు ఎత్తితే కింద ఇంజను కనిపించే రకం. తెల్లారుజామున నాలుగున్నరకి తీసి, నాలుగు ఊర్లు తిరిగి ఆడవాళ్ళని ఎక్కించుకుని, ఆరు గంటల షిఫ్టుకి గేటు కాడ దించాలి. మా అమ్మ కూడా ఆ బండిలోనే హౌస్‌కీపింగ్ పనికి పోతుంది. శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ 2016 నుంచి నడుస్తా ఉంది. అక్కడ తయారైన కొత్త బండ్లు పెద్ద పెద్ద ట్రైలర్ల మీద ఎక్కి బయటికి పోతుంటే, ఎదురుగా ఇట్టాంటి పాత బండ్లు పనివాళ్ళని వేసుకుని లోపలికి వస్తుంటాయి. చిన్నప్పటి నుంచి నేను చూసిన శ్రీసిటీ ఇదే.

పోయిన సంవత్సరం జనవరిలో, సంక్రాంతికి ముందు, ఒక చలి తెల్లారుజామున ఆ బండి హైవే మీద ఆగిపోయింది. ముందు పికప్ తగ్గింది, తర్వాత ఇంజనులో టకటకమని శబ్దం వచ్చింది, ఆగిపోయింది. సీటు ఎత్తితే ఆవిరి. రేడియేటర్లో చుక్క నీళ్ళు లేవు. బండిలో ఉన్న ఆడవాళ్ళు చీకట్లో రోడ్డు పక్కన నిలబడి వచ్చే పోయే బండ్లని ఆపుకుని పోయినారు. లేటుగా పోయినందుకు అందరికీ పూట కూలి పోయింది. అందులో మా అమ్మది కూడా ఉంది.

హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది, హెడ్ వంకర పోయింది. బిల్లు పదహారు వేల ఐదు వందలు. ఓనరు నాయనని షెడ్డు కాడికి పిలిపించి అందరి ముందర అడిగినాడంట. "టెంపరేచర్ ముల్లు చూడకుండా నిద్రపోతా తోలినావా?"

"లేదయ్యా, ముల్లు మధ్యలోనే ఉన్నింది" అన్నాడంట నాయన.

"నీళ్ళు లేక ఇంజను కాలిపోయినంక ముల్లు మధ్యలో ఎట్టా ఉంటుందిరా? యానాదోళ్ళ చేతికి బండి ఇస్తే ఇంతే."

నెల జీతం తొమ్మిది వేలు. అందులో నెలకి పదిహేను వందలు పట్టుకుంటానన్నాడు. పదకొండు నెలలు. అప్పటిదాకా ఇంకో బండి ఎక్కేదానికి లేదు. నాయనకి ఇది కొత్త కాదు. రొయ్యల గుంట పోయి బండి వచ్చింది, లెక్క మాత్రం అదే. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. మా ఇంట్లో అప్పటికి నాయన కూడా పుట్టలేదు.

అమ్మ హాస్టల్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. డబ్బుల గురించి పెద్దగా అనలేదు. "మీ నాయన మూడు రోజుల నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదురా" అనింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. నేను కూడా నాయనని నమ్మలేదు. పొద్దున మూడున్నరకి లేచే మనిషి, నిజంగానే కునుకు తీసి ఉంటాడులే అనుకున్నాను. నీళ్ళు లేకపోతే ముల్లు పైకి పోవాలి కదా, నేను సైన్సు చదివినాను కదా. ఫోన్లో ఆయనతో, "పోనీలే నాయనా, ఇంక నుంచి జాగ్రత్తగా ఉండు" అన్నాను. ఆయన "ఊఁ" అని ఫోన్ అమ్మకి ఇచ్చేసినాడు.

ఏప్రిల్లో సెలవులిచ్చినారు. పరీక్ష ఫీజుకి, పుస్తకాలకి ఇంట్లో అడగలేను. అందుకని ఆ బండి రిపేరు చేసిన షెడ్డులోనే హెల్పరుగా చేరినాను. మేస్త్రీకి అరవై ఏళ్ళు ఉంటాయి. నా పేరు అడిగినాడు కానీ ఎప్పుడూ పిలవలేదు. "రేయ్ బీఎస్సీ" అనేవాడు. మొదటి వారం స్పానర్లు అందించడం, డీజిల్‌తో సామాన్లు కడగడమే నా పని. రెండో వారం గోడకి మేకుకి తగిలించిన ఒక వంకర రబ్బరు పైపు చూపించి, "అది మీ నాయన బండిదే. తీసుకో, చూడు" అన్నాడు.

రేడియేటరు కింది పక్క నుంచి ఇంజనుకి పోయే హోస్ పైపు అది. ఒక మూతికి క్లిప్పు ఇంకా ఉంది. షాపుల్లో దీన్ని హోస్ క్లాంపు అంటారు, షెడ్డులో జూబ్లీ క్లిప్పు అంటారు. నిజానికి జూబ్లీ అనేది ఒక బ్రాండు పేరు. లమ్లీ రాబిన్సన్ అనే బ్రిటిష్ నౌకాదళ కమాండరు ఈ క్లిప్పుకి 1921లో పేటెంటు తీసుకున్నాడు. పట్టీ మీద గాట్లు, వాటిలో కూర్చునే స్క్రూ. స్క్రూ తిప్పితే పట్టీ బిగుసుకుంటుంది. వందేళ్ళు దాటినా ఆ కిటుకు మారలేదు.

"ఏం కనిపిస్తా ఉంది?" అన్నాడు మేస్త్రీ.

"క్లిప్పు గట్టిగానే ఉంది కదా" అన్నాను.

"గట్టిగా ఉంటే చాలదురా. గుండ్రంగా ఉందా చూడు."

అప్పుడు చూసినాను. క్లిప్పు ఆ పైపుకి కావాల్సిన దానికంటే చాలా పెద్దది. స్క్రూ చివరిదాకా తిప్పేసి, మిగిలిన పట్టీ తోకని మడిచి ఉంచినారు. పెద్ద క్లిప్పుని అంత చిన్నగా బిగిస్తే అది గుండ్రంగా రాదు, కోడిగుడ్డు మాదిరి సాగుతుంది. స్క్రూ ఉండే పెట్టె కింద రబ్బరుకి పట్టు ఉండదు. అన్ని వైపులా నొక్కినట్టే ఉంటుంది, ఒక్క వైపు సందు ఉంటుంది. ఎప్పుడో రోడ్డు పక్కన ఎవరి చేతో, చేతికి దొరికిన క్లిప్పు వేయించినారు. నాయన ఆ బండి ఎక్కకముందే.

రెండో తప్పు చోటుది. పైపు ఎక్కించే ఇనప మూతి చివర చిన్న గట్టు ఉంటుంది. క్లిప్పు ఆ గట్టు దాటి లోపలి వైపు కూర్చోవాలి. అప్పుడే పైపు జారాలన్నా గట్టు అడ్డం పడుతుంది. ఇక్కడ క్లిప్పు సరిగ్గా గట్టు మీదే కూర్చుంది. రబ్బరు మీద ఆ గుర్తు ఇంకా ఉంది.

మూడోది నాకు బాగా గుర్తుండేది. మేస్త్రీ బ్లేడుతో ఆ పైపుని నిలువుగా చీల్చినాడు. పైన నల్లగా నున్నగా ఉంది. లోపల మూతి కాడ సన్నటి చీలికలు, వేలితో నొక్కితే మెత్తగా దిగుతా ఉంది. మధ్యలో మాత్రం గట్టిగానే ఉంది. ఎందుకు చివర్లే పాడవుతాయని ఆయన నన్నే అడిగినాడు. రాత్రి పడుకుని ఆలోచిస్తే అర్థమైంది. ఇంజను ఒక లోహం, రేడియేటరు ఇంకో లోహం, మధ్యలో నీళ్ళు. మా ల్యాబ్‌లో చేసే సెల్ మాదిరే. ఆ సన్నటి కరెంటు లోహం ఆనుకునే చోట రబ్బరుని లోపలి నుంచి తింటుంది. మా వైపు బోరు నీళ్ళు ఉప్పు. ఉప్పు నీళ్ళకి కరెంటు ఇంకా బాగా పారుతుంది. కూలెంటు కొనమంటే ఓనరు నీళ్ళు చాలన్నాడు, నాయన బోరింగు నీళ్ళు పోసినాడు. ఇందులో మా నాయన తప్పు కూడా కొంచెం ఉంది. అది కూడా రాయాలి.

మరి ఎండాకాలమంతా ఆగిన పైపు చలిలో ఎందుకు కారింది? రబ్బరు వేడికి ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఏళ్ళ తరబడి నొక్కుడు పడిన రబ్బరుకి మళ్ళీ పైకి లేచే గుణం పోతుంది. తెల్లారుజామున అది ముడుచుకుంటే క్లిప్పు దానితోపాటు ముడుచుకోదు. సందు వస్తుంది, నీళ్ళు కారతాయి. ఇంజను వేడెక్కినాక రబ్బరు ఉబ్బి సందు మూసుకుంటుంది. పగలు షెడ్డుకి తెస్తే ఎక్కడా తడి కనిపించదు. "నీళ్ళు తగ్గతా ఉండాయయ్యా" అని నాయన పది రోజుల ముందే ఓనరుకి చెప్పినాడంట. "పోసుకుని తోలు" అని సమాధానం. ఆ రోజు మాత్రం సందు మూసుకోలేదు. ఇంజను వేడికి లోపల ఒత్తిడి పెరిగింది, మెత్తబడిన మూతి గట్టు మీద నుంచి జారింది. కింది పైపు కాబట్టి నీళ్ళన్నీ రోడ్డు మీదికే. చీకట్లో ఎవరికి కనిపిస్తుంది?

ఇంతవరకూ విన్నాక నేను అసలు ప్రశ్న అడిగినాను. "మరి ముల్లు పైకి పోలేదంటే?"

మేస్త్రీ బీడీ ఆర్పి, ఇంజను పక్కన చిన్న ఇత్తడి ముక్క చూపించినాడు. దానికి ఒక వైరు. "ముల్లుకి కబురు చెప్పేది ఇది. ఇది నీళ్ళలో మునిగి ఉంటే నీళ్ళ వేడి చెబుతుంది. నీళ్ళే లేకపోతే దేని వేడి చెబుతుంది? గాలిలో ఉంటుంది. ముల్లు పైకి పోదు, ఒక్కోసారి కిందికి కూడా వస్తుంది. మీ నాయన చెప్పింది నిజమేరా. ఆ రోజు నేను చెప్పబోయినాను, ఆ మనిషి వినలేదు."

నేను అక్కడే టైరు మీద కూర్చుండిపోయినాను. నీళ్ళు వేడిని అందించినట్టు ఆవిరి, గాలి అందించవు. నాకు తెలిసిన పాఠమే. పరీక్షలో రాసినాను కూడా. మా నాయన విషయంలో మాత్రం ఆ పాఠం గుర్తు రాలేదు. ఆ ఓనరు మాటే ముందు గుర్తు వచ్చింది.

ఆ రెండు నెలల్లో మేస్త్రీ కాడ నేర్చుకున్నవి మీకోసం రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా పాత బండి నడుపుతుంటే చదివి వినిపించండి.

1. సైజు: పైపు ఎక్కించినాక దాని బయటి కొలత చూడాలి. క్లిప్పు మీద 25–40, 32–50 అని మిల్లీమీటర్లు కొట్టి ఉంటాయి. పైపు 40 ఉంటే 32–50 తీసుకోవాలి. మన కొలత ఆ రెండు అంకెల నడుమ పడాలి, చివర్లో పడకూడదు. పెద్దది ఒకటి కొంటే అన్నిటికీ వస్తుంది అనేది మోసం.

2. చోటు: మూతి గట్టు దాటి లోపలికి. అట్లని పైపు అంచు మీద కూడా వద్దు, అంచు నుంచి నాలుగైదు మిల్లీమీటర్లు వదలాలి. స్క్రూ తల రేపు స్క్రూ డ్రైవరు అందే వైపు ఉండాలి.

3. బిగువు: ఎంత బిగిస్తే అంత మంచిది కాదు. పట్టీ గాట్లలోంచి రబ్బరు ఉబ్బి పైకి వస్తుందంటే రబ్బరు తెగుతా ఉందని అర్థం. చల్లగా ఉన్నప్పుడు బిగించాలి. ఒకటి రెండు రోజులు తిరిగినాక, మళ్ళీ చల్లారినాక ఒకసారి చూసి సరిచెయ్యాలి. ప్రతి వారం బిగించాల్సి వస్తా ఉంటే తప్పు క్లిప్పుది కాదు, పైపు పని అయిపోయింది.

4. రకం: పట్టీకి ఆరపార చిల్లులు ఉండే చవక క్లిప్పులు రబ్బరుని కోస్తాయి. గాట్లు పైపైన ఒత్తి, లోపలి వైపు నున్నగా ఉండేవి మేలు. మెత్తటి సిలికాన్ పైపులకైతే లోపల ఇంకో పట్టీ ఉండేవే వెయ్యాలి. సముద్రం దగ్గర ఉప్పు గాలికి స్క్రూ ముందు తుప్పు పడుతుంది. చాలా వాటికి పట్టీ మాత్రమే స్టీలు, స్క్రూ పూత వేసిన ఇనుము. రెండూ స్టీలు ఉన్నవి అడిగి తీసుకోండి.

5. స్ప్రింగు క్లిప్పు: చాలా బండ్లకి కంపెనీ నుంచే ఇవి వస్తాయి. చూసేదానికి పనికిరానివి లాగా ఉంటాయని తీసి పారేసి జూబ్లీ వేస్తారు. కానీ రబ్బరు ముడుచుకుంటే దానితోపాటు తానూ ముడుచుకునేది ఇదే. చలికి కారే బండికి ఇదే మందు. కాకపోతే సైజు ఖచ్చితంగా సరిపోవాలి, సాగిపోయిన పాతది మళ్ళీ వెయ్యకూడదు.

6. బైండింగు వైరు: రోడ్డు మీద ఆగిపోతే షెడ్డు దాకా చేరేదానికి సరే. అది సన్నటి గీత మీద మాత్రమే నొక్కుతుంది, రబ్బరుని కోస్తుంది. అట్టనే వదిలేయకండి.

7. పైపు: చల్లగా ఉన్నప్పుడు చివర్ల దగ్గర రెండు వేళ్ళతో నొక్కండి, తర్వాత మధ్యలో నొక్కండి. చివర మెత్తగా ఉంటే, చీలికలు ఉంటే, ఉబ్బి ఉంటే మార్చెయ్యండి. కొత్తది ఎక్కించే ముందు ఇనప మూతికి ఉన్న తుప్పు ఎమరీ కాగితంతో తియ్యండి. పైపు ఎక్కకపోతే నీళ్ళతో తడపండి, గ్రీజు మాత్రం పూయకండి. నూనె జిడ్డు ఆ రబ్బరుకి పడదు, పైగా పైపు జారుతుంది.

8. నీళ్ళు: బోరు నీళ్ళు వద్దు. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు కలిపి పొయ్యాలి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత ఎప్పుడూ తియ్యకండి. మేస్త్రీ ఎడమ చేతి మీద ఆ మచ్చ మోచేతి దాకా ఉంది.

ఇంకొకటి, డీజిల్ పైపు. అది ఎప్పుడూ బయటికే కారదు. ట్యాంకు నుంచి పంపు డీజిల్‌ని లాగే వైపు సందు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఎక్కడా తడి ఉండదు, కానీ పొద్దున బండి స్టార్ట్ కాదు. రోజూ ఎయిర్ తీయాల్సి వస్తా ఉంటే ముందు ఆ క్లిప్పులు చూడండి. నీళ్ళ పైపు ముక్క డీజిల్‌కి వాడకండి, రెండూ వేరే రబ్బర్లు. నీళ్ళ పైపు డీజిల్‌కి ఉబ్బిపోతుంది. బ్రేకు పైపుకి అసలు క్లిప్పు అనే మాటే లేదు. కారితే కొత్తదే వెయ్యాలి.

జూన్ మొదట్లో ఓనరు బండి ఆయిల్ మార్చడానికి షెడ్డుకి వచ్చినాడు. తోలుకొచ్చింది నాయనే. మేస్త్రీ నన్ను చూసి, "రేయ్ బీఎస్సీ, ఆ పైపు పట్టుకురా" అన్నాడు. నాకు చేతులు వణికినాయి. చీల్చిన పైపు, పెద్ద క్లిప్పు రెండూ తెచ్చి బెంచీ మీద పెట్టినాను. క్లిప్పు సైజు చెప్పినాను, రబ్బరు చూపించినాను, ఇత్తడి ముక్క గురించి చెప్పినాను. "అందుకే ముల్లు మధ్యలో ఉన్నింది సార్. మా నాయన అబద్ధం చెప్పలేదు" అన్నాను. గట్టిగా అనాలనుకున్నాను, గొంతు సగమే వచ్చింది.

ఓనరు మేస్త్రీ వైపు చూసినాడు. మేస్త్రీ తల ఊపినాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయన, "సరేలే, మిగతాది వదిలేస్తున్నా పో" అన్నాడు.

అప్పటికి నాలుగు నెలలవి ఆరు వేలు పట్టుకున్నాడు. అవి వెనక్కి రాలేదు. జనవరిలో అందరి ముందర అన్న మాటని వెనక్కి తీసుకోనూ లేదు. "వదిలేస్తున్నా" అన్నాడు, మా దగ్గర బాకీ ఉన్నట్టు. ఆ మాట నాకు ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది. అయినా పదివేల ఐదు వందలు ఆగినాయి, ఇంకో బండి ఎక్కేదానికి నాయనకి దారి దొరికింది. ఇప్పుడు ఆయన వేరే ఓనరు కాడ చేస్తున్నాడు. చేరే రోజు, బండి రిపేరు ఖర్చు డ్రైవరు మీద వెయ్యకూడదని ముందే నోటితో అడిగినాడంట. అడ్వాన్సు ఇస్తామన్నా తీసుకోలేదు.

ఆ రోజు షెడ్డు నుంచి ఇంటికి పోతా దారిలో నేను, "నాయనా, నేను కూడా నిన్ను నమ్మలేదు" అని చెప్పేసినాను. ఆయన బండి వేగం తగ్గించలేదు, నా వైపు చూడలేదు. "తెలుసులే. జాగ్రత్తగా ఉండు అన్నప్పుడే తెలిసింది" అన్నాడు. కొంచెం దూరం పోయినాక, "ఆ ఇత్తడి ముక్క ఎక్కడ ఉంటుందో ఇంటికి పోయినాక నాకు కూడా చూపించు" అన్నాడు.

ఇప్పుడు ఆయన రోజూ నాలుగింటికి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే, సీటు ఎత్తి టార్చి వేసి ప్రతి పైపు మూతి తడిమి చూస్తాడు. జేబులో ఒక 7 మిల్లీమీటర్ల సాకెట్టు, డాష్‌బోర్డులో రెండు సైజుల కొత్త క్లిప్పులు ఉంటాయి. లైసెన్సు కూడా దేవుడి పటం వెనక నుంచి జేబులోకి వచ్చింది.

మనవాళ్ళు ఒక మాట చెబితే, దాన్ని ముందు మనమన్నా నమ్ముదాం. తర్వాత అది ఎట్టా నిజమో వెతుకుదాం. మనం చదివే చదువు దానికి కూడా పనికొస్తుంది. రాసిన దాంట్లో బండి పని తెలిసిన అన్నలకి తప్పులు కనిపిస్తే చెప్పండి, సరిచేసుకుంటాను. రేపు పొద్దున మీ నాయన బండి తీసేముందు ఒక్కసారి సీటు ఎత్తి చూడమని ఫోన్ చెయ్యండి.